పద్మనాభం మండలంలో ఒక రాబందు, ఒక గేదె, ఆరు గాజు ఆంప్యూళ్లు: పశువైద్యుడి కేసు వివరం

డిసెంబరు నెల, ఉదయం ఏడు కావస్తోంది. విశాఖపట్నం జిల్లా పద్మనాభం మండలంలో, గోస్తని నదికి దగ్గరలో ఉన్న ఒక ఊరి నుంచి ఫోను వచ్చింది. "డాక్టరు గారూ, రాబందు మా దూడను చంపేసింది. గేదె కూడా లేవడం లేదు. తొందరగా రండి." ఆ మాటల్లో నేను ముందు పట్టుకోవలసింది గేదె సంగతి. కానీ నా మనసు రాబందు దగ్గరే ఆగిపోయింది. పందొమ్మిదేళ్లుగా ఈ వృత్తిలో ఉన్నాను. విశాఖ చుట్టుపక్కల చచ్చిన పశువు మీద కాకుల్ని, కుక్కల్ని, గద్దల్ని చూశాను గానీ రాబందును ఒక్కసారి కూడా చూడలేదు. ఈ కేసులో నేను చేసిన మొదటి పొరపాటు అక్కడే మొదలైంది. దాని గురించి తర్వాత చెబుతాను.

నేను వెళ్లేసరికి జీడితోట పక్కన పశువుల పాక చుట్టూ ముప్పై మంది దాకా చేరారు. మంచు ఇంకా విడలేదు. పాక వెనక గడ్డిలో దూడ పడి ఉంది. దానికి నలభై అడుగుల దూరంలో పొలం గట్టు మీద ఆ పక్షి రెక్కలు సగం విప్పి, మెడ లోపలికి లాక్కుని కూర్చుంది. నిలబడితే మనిషి నడుము దాకా వస్తుంది. ముదురు గోధుమ రంగు ఒళ్లు, దాని మీద సన్నటి లేత చారలు, తల మీద తెల్లటి నూగు. హిమాలయ రాబందు, అందులోనూ ఇంకా ఈడుకు రాని పక్షి. ఈ జాతి గూళ్లు పెట్టేది హిమాలయాల్లో, టిబెట్ వైపు కొండల్లో. చలికాలంలో పెద్ద పక్షులు కొండల చుట్టూనే ఉంటే, పిల్ల పక్షులు మాత్రం మైదానాల మీదుగా చాలా దూరం తిరుగుతాయి. దారి తప్పి, తిండి దొరక్క, దక్షిణాదిన దిగిన సందర్భాలు ఇంతకుముందూ ఉన్నాయి. ఎనిమిది నుంచి పన్నెండు కిలోల బరువుండే పక్షి రెక్క విప్పితే ఈ కొస నుంచి ఆ కొసకు తొమ్మిది అడుగులు ఉంటుంది. దాన్ని చూసి ఊరు భయపడటంలో వింత లేదు.

భయానికి మరో కారణం కూడా ఉంది. రాబందు ఇంటి మీద వాలితే ఆ ఇల్లు పాడుపెట్టాలనే నమ్మకం ఇంకా చాలా ఊళ్లలో ఉంది. ఒక యువకుడి చేతిలో కర్ర ఉంది. మరొకరి చేతిలో వరికి వేసే గుళికల మందు పొట్లం ఉంది. దూడ కళేబరం మీద చల్లితే "పీడ వదిలిపోతుంది" అని ఆయన ఆలోచన. ముందు ఆ పొట్లం అడిగి తీసుకున్నాను. ఆ గుళికలు కళేబరం మీద పడితే రాబందు ఒక్కటే చావదు. కాకులు, కుక్కలు, వాటిని ముట్టుకున్న పిల్లలు, అందరికీ ప్రమాదమే. మన దేశంలో కుక్కల కోసం పెట్టిన విషం తిని రాబందులు గుంపులు గుంపులుగా చనిపోయిన ఘటనలు, ముఖ్యంగా అస్సాంలో, ఎన్నో ఉన్నాయి.

దూడను రాబందే చంపిందా? రైతు వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. గద్ద కోడిపిల్లను ఎత్తుకుపోవడం ఆయన చిన్నప్పటి నుంచి చూస్తున్నారు. అంత చిన్న గద్దే కోడిపిల్లను తన్నుకుపోతే, ఇంత పెద్దది దూడను చంపదా అని ఆయన లెక్క. తేడా కాళ్లలో ఉంది. గద్ద కాలి గోళ్లు కొక్కేల్లా వంగి, పట్టు బిగిస్తాయి. రాబందు కాలు కోడి కాలికి దగ్గర. గోళ్లు మొద్దుగా ఉంటాయి, నేల మీద నడవడానికి, కళేబరం మీద నిలదొక్కుకోవడానికి పనికొస్తాయి గానీ ప్రాణమున్న జంతువును పట్టి చంపడానికి కాదు. దాని బలమంతా ముక్కులోనూ మెడలోనూ ఉంది. ఆ ముక్కు కూడా ముందు మెత్తటి చోటే వెతుకుతుంది: కన్ను, నాలుక, ఆసనం. ఈ దూడకు సరిగ్గా ఆ మూడే పోయాయి.

ఇదంతా మాటల్లో చెబితే ఎవరూ నమ్మరు. కళేబరాన్ని తెరిచి చూపాలి. తెరిచే ముందు నేను ఒక పని తప్పకుండా చేస్తాను. తొలి నాళ్లలో అరకు, పాడేరు వైపు పనిచేశాను. ఆ ఏజెన్సీ ప్రాంతంలో దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, పశువులకు వచ్చి, చచ్చిన పశువు మాంసం కోసినవారికీ తిన్నవారికీ అంటుకున్న ఘటనలు మళ్లీ మళ్లీ జరిగాయి. కళేబరం ముక్కు నుంచీ ఆసనం నుంచీ నల్లటి రక్తం గడ్డకట్టకుండా కారుతోందా, ఒళ్లు అసాధారణంగా ఉబ్బిందా, బిగుసుకోకుండా ఉందా అని చూసి, ఏమాత్రం అనుమానం ఉన్నా కత్తి పెట్టను. పెడితే ఆ క్రిమి గాలి తగిలి గట్టి పెంకు కట్టుకుని ఆ మట్టిలో దశాబ్దాల పాటు బతికి ఉంటుంది. ఇక్కడ ఆ లక్షణాలేవీ లేవు. అయినా చెవి నరం నుంచి ఒక చుక్క రక్తం గాజు పలక మీద తీసి, సహాయకుడి చేత ఆసుపత్రికి పంపాను. సూక్ష్మదర్శిని కింద ఏమీ కనబడలేదని కబురు వచ్చాకే కత్తి తీశాను.

ముందు గిట్టలు చూపించాను. పుట్టినప్పుడు దూడ గిట్టల కింద పచ్చటి మెత్తటి పొర ఉంటుంది. లేచి నాలుగడుగులు వేస్తే అది అరిగి చిరుగుతుంది. ఈ దూడ నాలుగు గిట్టల కిందా ఆ పొర చెక్కుచెదరలేదు. తల, మెడ వాచి ఉన్నాయి. చర్మం కోస్తే కింద పసుపు రంగు జిగురు నీరు. తల బయటికి వచ్చి, మిగతా ఒళ్లు రాక చాలాసేపు ఇరుక్కుపోయిన దూడకు కనబడే గుర్తు ఇది. వెంట్రుకలకు పచ్చటి మరక ఉంది, కడుపులో ఉండగానే ఊపిరాడక మలం వదిలిందని అర్థం. పక్షి పొడిచిన చోట్ల అంచులు పాలిపోయి ఉన్నాయి. గుండె కొట్టుకుంటున్న ఒంటికి గాయమైతే ఆ చుట్టూ రక్తం పేరుకుంటుంది. ఇక్కడ ఒక్క చుక్క కూడా లేదు. జీర్ణాశయంలో ముర్రుపాల జాడ లేదు.

చివరగా ఊపిరితిత్తి ముక్క కోసి, గేదెకు నీళ్లు పెట్టే బకెట్లో వేశాను. చుట్టూ ఉన్న ముప్పై మందీ వంగి చూశారు. ముదురు ఎరుపు రంగులో, కాలేయంలా బరువుగా ఉన్న ఆ ముక్క రాయిలా మునిగింది. ఊపిరి పీల్చిన దూడదైతే అది తేలేది. "అయితే ఇది పుట్టకముందే పోయిందా?" అని రైతు భార్య అడిగింది. అవునన్నాను. కర్ర పట్టుకున్న యువకుడు కర్రను గట్టుకు ఆనించి పెట్టాడు.

ఈ పరీక్ష జరుగుతున్నప్పుడే నేను అడగవలసిన ప్రశ్న అడగలేదు. నా పొరపాటు అదే. వచ్చి గంట దాటాక, గేదె పక్కన కూర్చుని కళ్లాపు నీళ్లతో తడిసిన గడ్డి సర్దుతుంటే, చేతికి పగిలిన గాజు తగిలింది. ఆంప్యూల్, అంటే సూదిమందు ఉండే చిన్న గాజు బుడ్డి, దాని మెడ. వెతికితే ఇంకొకటి, మరొకటి. మొత్తం ఆరు. అన్నీ మనుషులకు వాడే మూడు మిల్లీలీటర్ల డైక్లోఫెనాక్ అనే నొప్పి మందువి.

జరిగింది ఇది. ముందు రోజు సాయంత్రం గేదెకు నొప్పులు మొదలయ్యాయి. నాలుగో ఈత, గ్రేడెడ్ ముర్రా. ఉమ్మనీటి తిత్తి పగిలింది గానీ దూడ రాలేదు. రాత్రి ఎనిమిదింటికి పక్క ఊరి నుంచి, ఊళ్లలో సూదులు వేస్తూ తిరిగే ఒక మనిషిని పిలిపించారు. ఆయన నొప్పి తగ్గడానికి సూది వేసి, తెల్లవారేసరికి ఈనుతుందని చెప్పి వెళ్లారు. అర్ధరాత్రి దాకా కాపలా ఉన్న రైతు చలికి ఇంటికి వెళ్లారు. ఆ తర్వాత ఎప్పుడో గేదె ఒంటరిగా చచ్చిన దూడను తోసేసింది, లోపల చీలిక పడింది.

ఆంప్యూల్‌కు 75 మిల్లీగ్రాముల మందు. ఆరింటికి 450. నాలుగున్నర క్వింటాళ్ల గేదెకు కిలోకు ఒక మిల్లీగ్రాము చొప్పున సరిగ్గా సరిపోతుంది. సూది వేసిన మనిషికి మోతాదు తెలుసు. నిషేధం సంగతి తెలియదు, లేదా పట్టించుకోలేదు.

పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని మన ప్రభుత్వం 2006లో నిషేధించింది. మనుషుల మందును పెద్ద సీసాల్లో కొని పశువులకు వాడుతున్నారని తేలాక, 2015లో ఒక్కో సీసా మూడు మిల్లీలీటర్లకు మించకూడదని ఆంక్ష పెట్టింది. ఒక్క గేదెకు ఆరు ఆంప్యూళ్లు పగలగొట్టాలంటే విసుగొచ్చి మానేస్తారని ఆశ. నా చేతిలోని గాజు ముక్కలు ఆ ఆశ ఎక్కడిదాకా నెరవేరిందో చెప్పాయి.

ఇంత కఠినంగా ఎందుకు నిషేధించారో ఊరివాళ్లకు ఆ గట్టు మీద కూర్చున్న పక్షిని చూపిస్తూ చెప్పాను. ఇక్కడా కొంచెం విడమరిచి రాస్తాను. 1990లలో మన దేశంలో రాబందులు ఉన్నట్టుండి కనబడకుండా పోవడం మొదలైంది. భరత్‌పూర్‌లోని కేవలాదేవ్ పార్కులో గూళ్లు ఖాళీ అవుతున్నాయని విభూ ప్రకాశ్ పక్షి శాస్త్రవేత్త గుర్తించారు. 1992 నుంచి 2007 మధ్య తెల్లవీపు రాబందుల్లో వెయ్యికి ఒక్కటి మిగిలింది. పొడుగు ముక్కు, సన్న ముక్కు రాబందుల్లో వందకు మూడు. కారణం ఏదో రోగమని చాలాకాలం అనుకున్నారు. పాకిస్తాన్‌లో చనిపోయిన రాబందులను కోసి చూసిన లిండ్సే ఓక్స్ బృందం 2004లో అసలు సంగతి బయటపెట్టింది. సూది వేసిన పశువు చనిపోతే, దాని మాంసంలోని డైక్లోఫెనాక్ రాబందు మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. యూరిక్ ఆమ్లం బయటికి పోక, గుండె మీద, కాలేయం మీద సుద్దపొడి చల్లినట్టు తెల్లగా పేరుకుంటుంది. రెండు మూడు రోజుల్లో పక్షి చనిపోతుంది. హిమాలయ రాబందుకు కూడా ఈ మందు అంతే విషమని పరీక్షల్లో తేలింది.

నన్ను ఇప్పటికీ కలవరపెట్టే లెక్క మరొకటి ఉంది. పశువుల కళేబరాల్లో నూటికి ఒక్కదాంట్లో కూడా అవసరం లేదు, అంతకంటే తక్కువ వాటిలో ఈ మందు ఉన్నా రాబందుల జాతి అంతా కూలిపోతుంది. అవి ఒంటరిగా తినవు. ఒకటి కిందికి దిగడం చూసి మైళ్ల దూరంలో ఎగురుతున్నది దిగుతుంది, దాన్ని చూసి ఇంకొకటి. గంటలో గుంపు చేరుతుంది. ఒక్క విషపు గేదె ఆ గుంపంతటికీ ఆఖరి భోజనం. పోయిన వాటిని పూరించుకునే దారీ లేదు. జంట ఏడాదికి పెట్టేది ఒకే గుడ్డు, పిల్ల ఈడుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది.

ఇక గేదె చికిత్స. జ్వరం 104.8 డిగ్రీలు. మాయ పడలేదు, చీలిక గర్భసంచి దాకా వెళ్లినట్టు చేతికి తెలిసింది. సెలైను, కాల్షియం, యాంటీబయాటిక్ మొదలుపెట్టాను. నొప్పి మందు విషయంలో మాత్రం ఆగాను. ముందు రాత్రి ఎనిమిదింటికి పూర్తి మోతాదు పడింది. దాని మీద అదే కోవకు చెందిన ఇంకో మందు వేస్తే గేదె మూత్రపిండాలకే చేటు. అందుకే ఆ రోజు రాత్రి దాకా ఆగి మెలాక్సికామ్ ఇచ్చాను. రాబందులకు హాని చేయదని రుజువైన నొప్పి మందుల్లో మన పల్లెల్లో తేలిగ్గా దొరికేది అది. టోల్ఫెనమిక్ ఆమ్లం కూడా సురక్షితమే. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి మందులను పశువులకు వాడకుండా 2023లో నిషేధించారు. ఎసిక్లోఫెనాక్ పశువు ఒంట్లో డైక్లోఫెనాక్‌గానే మారుతుంది కాబట్టి పేరు మారినా విషం అదే.

దూడ కళేబరాన్ని అప్పటికప్పుడు పూడ్పించాను. తల్లికి పడిన మందు మావి ద్వారా దూడకు కొంత చేరి ఉండవచ్చు. అప్పటికే పక్షి కళ్లు, నాలుక తిన్నది. అక్కడి నుంచి నా కేసులో రోగులు ఇద్దరయ్యారు.

అటవీ సిబ్బందికి కబురు చేశాను. వారు వచ్చి, పక్షిని పట్టే ప్రయత్నం చేయకుండా దూరం నుంచి కాపలా పెట్టారు. మంచి నిర్ణయం. రెక్కలు విప్పి కదలకుండా కూర్చుందని ఊరివాళ్లు అది జబ్బుపడిందనుకున్నారు. రాబందు కోడిలా రెక్కలు కొట్టుకుంటూ ఎగిరేది కాదు. నేల వేడెక్కి, వేడిగాలి పైకి లేచేదాకా ఆగి, ఆ గాలి మీద తేలుతుంది. మంచు పట్టిన ఉదయం పది దాకా అది కూర్చునే ఉంటుంది. ఆ సమయంలో తరిమితే ఉన్న కాస్త బలం కూడా పోతుంది.

రైతు తల్లికి ఎనభై ఏళ్లు పైబడి ఉంటాయి. ఆమె ఆ పక్షిని చూసి భయపడలేదు. తన చిన్నప్పుడు ఊరి చివర పశువులను పడేసే చోట తాటిచెట్ల నిండా ఇవే ఉండేవని, ఎద్దు కళేబరాన్ని పూట తిరక్కుండా ఎముకలు చేసేవని చెప్పింది. "రెక్కలు కాలి సముద్రం ఒడ్డున పడిన సంపాతి గుర్తొస్తోంది బాబూ" అంది. భీమిలి సముద్రం అక్కడికి ఎంతో దూరం లేదు.

రెండో రాత్రి గడిచి తెల్లవారుతుండగా గేదె చనిపోయింది. కడుపంతా చీము పట్టింది. సూది పడి అప్పటికి ముప్పై నాలుగు గంటలు. మందు వేసిన తొలి ఒకటి రెండు రోజుల్లో చనిపోయిన పశువే రాబందుకు అన్నిటికంటే ప్రమాదం, కాలేయంలో, మూత్రపిండాల్లో మందు ఇంకా నిలిచి ఉంటుంది. మట్టి తవ్వే యంత్రం తెప్పించి ఆరడుగుల గొయ్యి తీయించాం. అడుగున సున్నం, పైన సున్నం. రాబందు తాటిచెట్టు మీద నుంచి మమ్మల్ని చూస్తూనే ఉంది. ముసలమ్మ నా దగ్గరికి వచ్చి, "ఇంత తిండిని మట్టిలో పెట్టి దాన్ని పస్తు ఉంచుతారా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నేను చెప్పిన సమాధానం సరైనదే. అయినా చెబుతున్నప్పుడు గొంతు పట్టేసింది. వేల ఏళ్లుగా పల్లెకూ ఆ పక్షికీ ఉన్న పొత్తు అదే కదా. చచ్చిన పశువును అది తింటుంది, ఊరు శుభ్రంగా ఉంటుంది. అన్నం పెట్టే చేయే విషం కలిపితే దాన్ని మట్టిలో దాచక తప్పదు.

రాబందు వదిలేసిన పని ఇప్పుడు కుక్కలు చేస్తున్నాయి. ఆ గొయ్యి చుట్టూ ఏడు కుక్కలు తిరిగాయి. రాబందు కడుపులోని ఆమ్లం కుళ్లిన మాంసంలోని క్రిములను చాలావరకు చంపేస్తుంది. కుక్క వాటిని ఊళ్లోకి మోస్తుంది, రేబిస్‌నూ మోస్తుంది. 2024లో అచ్చయిన ఒక ఆర్థికశాస్త్ర పరిశోధన, రాబందులు పోయిన జిల్లాల్లో 2000 నుంచి 2005 మధ్య అదనంగా సుమారు ఐదు లక్షల మంది చనిపోయారని అంచనా వేసింది.

మూడో రోజు అటవీ సిబ్బంది రహదారి మీది మాంసం దుకాణం నుంచి మేక పేగులు, ఎముకలు తెచ్చి గట్టు మీద పెట్టారు. మనుషులు కనుమరుగయ్యేదాకా అది దిగలేదు. మధ్యాహ్నం దిగి, కుక్కలు వచ్చేలోపు తిన్నది. నేను దూరదర్శిని పెట్టుకుని చూస్తున్నది ఒక్కటే: మెడ. డైక్లోఫెనాక్ తిన్న రాబందు తల వేలాడేసి చాలాసేపు కూర్చుంటుంది. ఈ పక్షి మెడ ఎత్తి, ముక్కును తాటిమట్టకు రుద్దుకుంది. గొంతు కింద తిత్తి నిమ్మకాయంత ఉబ్బింది. దూడ కళ్లతో, నాలుకతో పోయిన మందు దాన్ని చంపేంత కాదని ఆ సాయంత్రం నమ్మకం కుదిరింది.

నాలుగో రోజు పదిన్నరకు ఎండ కాసింది. అది తాటిచెట్టు నుంచి జారి, రెండుసార్లు రెక్కలు ఊపి, కొండ వాలు దగ్గర గాలి దొరికించుకుంది. చుట్లు చుడుతూ పైకి లేచి, గోస్తని వెంబడి ఉత్తరానికి సాగింది.

రైతుకు నష్టం ఎనభై వేలు. వన్యప్రాణి చంపిందని రాసిస్తే పరిహారం కోసం ప్రయత్నించుకుంటానని ఆయన అడిగారు. నేను చూసిందే రాశాను. ఆయన ముఖం చిన్నబోవడం చూశాను, అది ఇప్పటికీ గుర్తుంది. సూది వేసిన మనిషిని వెతికి వెళ్లి కలిశాను. తప్పంతా ఆయనదే అని రాయలేను. రాత్రి ఎనిమిదింటికి ఆ ఊరికి వచ్చినవాడు ఆయన ఒక్కడే, ఆ ఆంప్యూళ్లు ఏ మందుల దుకాణంలోనైనా అమ్ముతారు. ఒక మెలాక్సికామ్ సీసా, నా ఫోను నంబరు ఇచ్చాను. కష్టమైన ఈతకు నొప్పి మందు వైద్యం కాదని, దూడను తిప్పి తీయాలని, ఏ వేళైనా పిలవమని చెప్పాను. ఆ రాత్రి నన్ను పిలిచి ఉంటే గేదె బతికేది. అప్పటి నుంచి ఏ పాకలో అడుగుపెట్టినా, పశువును తాకకముందే నా మొదటి ప్రశ్న: ఇంతకుముందు ఏ సూది పడింది, ఎన్ని గంటలైంది, సీసా ఎక్కడ?

ఫిబ్రవరిలో అదే రైతు ఫోను చేశారు. పొరుగింటి ఆవుకు కాలు వాచింది, సూది వేయడానికి మనిషి వచ్చారు. "ఒక్క నిమిషం డాక్టరు గారూ" అని, సీసాను వెలుతురుకు పట్టుకున్నట్టున్నారు, పేరు ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదివారు. మె, లా, క్సి, కామ్. "ఇదేనా?" అని అడిగారు. అదే అన్నాను. "వేయొచ్చంట" అని ఆయన పక్కకు తిరిగి చెప్పడం వినిపించింది.